బోటు టాపు మీది ముడి

పోయిన వారం మా పిన్ని మాచర్ల నుంచి బస్సులో ఎండుమిరపకాయలు పంపింది. ఏ బస్సో, ఎన్నింటికి వస్తుందో, డ్రైవరు మీసాలు ఎలా ఉంటాయో ఫోన్ చేసి చెబితే, నరసరావుపేట బస్టాండుకు వెళ్లి మూట దించుకుని ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. హాల్లో పెట్టి చూద్దును కదా, మూట కట్టిన గుడ్డ నాకు బాగా తెలిసినదే. ఒకప్పుడు ముదురు నీలం, ఇప్పుడు వెలిసి వెలిసి పాత పలక రంగుకు వచ్చింది. దిండు గలీబును పొడవుగా సాగదీసినట్టుండే ఆ సంచిని పిన్నే తన కుట్టుమిషను మీద కుట్టింది. ఒకప్పుడు అందులో మా బాబాయి బోటు టాపు పడుకునేది. దాన్ని చూసిన సంతోషంలో మూతికి కట్టిన తాడు విప్పబోయి ఆగిపోయాను. ముడి కొస ఎడమవైపుకు వేలాడుతోంది. మా పిన్ని కుడిచేతివాటం మనిషి. ఆమె కట్టిన ముడికి కొస కుడివైపున ఉండాలి. అంటే దారిలో ఎవరో విప్పారు, లోపల చూశారు, మళ్లీ కట్టారు. వెంటనే పిన్నికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆమె ఫోన్ ఫ్రిజ్ మీద ఉంటుంది, ఆమె పెరట్లో ఉంటుంది. తిరిగి చేసేదాకా మూటను ముట్టుకోకూడదని నిశ్చయించుకుని, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని తుమ్ముకుంటూ కూర్చున్నాను.

మీరు నవ్వుకుంటారని తెలుసు. మా అమ్మ తరఫు వాళ్లకు అనుమానం అనేది గుణం కాదు, ఇంటిపేరు లాంటిది. తాళం వేశాక లాగి చూడటం లోకమంతా చేస్తుంది. మావాళ్లు లాగి చూశాక పక్కింటివాళ్లను పిలిచి వాళ్లను కూడా లాగమంటారు. ఆవకాయ జాడీలో పైనున్న ముక్క ఏ వైపుకు తిరిగి ఉందో గుర్తుపెట్టుకుని మూత పెడతారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కాఫీ తాగితే ఎందుకు తాగారని, తాగకపోతే ఎందుకు తాగలేదని వారం రోజులు చర్చిస్తారు. దీనికంతటికీ మూలం మా తాతయ్య. ఆయనకు పిడుగురాళ్లలో లారీలు ఉండేవి. బట్టీల నుంచి సున్నం ఎత్తుకుని ఊళ్లు తిరిగే లారీలు. సున్నానికి వాన తగిలితే పొగలు కక్కుతుంది కాబట్టి లోడు మీద పట్టా కప్పి తాళ్లతో బిగించడం పెద్ద పని. తాడు చివర ఒక జారుముడి వేసి కొస వదిలేస్తారు. ఒక్కో డ్రైవరు ముడి ఒక్కో తీరుగా ఉంటుంది. ఒకడు బిగిస్తాడు, ఒకడు మెలేస్తాడు, కుడిచేతివాటం వాడి కొస కుడికి జారుతుంది, ఎడమచేతివాటం వాడిది ఎడమకు. లారీ తిరిగిరాగానే తాతయ్య లోడు చూసేవాడు కాదు, డ్రైవరు మొహం చూసేవాడు కాదు. చుట్ట నోట్లో పెట్టుకుని చుట్టూ తిరిగి ముడులు చూసేవాడు. "దీన్ని దాచేపల్లి కాడ ఎవుడో ఇప్పాడ్రా" అనేవాడట. దాచేపల్లి దగ్గరే అని ఎలా తెలిసేదో మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ విద్య కొడుకుల్లో ఒక్కడికీ అబ్బలేదు, ఆఖరి కూతురు మా పిన్నికి అబ్బింది. ఆమె చిన్నప్పుడు తాతయ్య చంకలో కూర్చుని ముడులు చదవడం నేర్చుకుంది. పెళ్లయ్యాక కూడా మానలేదు. కిరాణా కొట్టు పొట్లం దారం నుంచి పేరంటంలో ఇచ్చిన పూల సంచి దాకా, ముందు ముడి చూసి తరువాత మనిషిని పలకరించేది. పెళ్లప్పుడు తాతయ్య ఆమెకు ఒక లారీ ఇచ్చాడు. బాబాయి దాన్ని చాలా ఏళ్లు తోలాడు. సున్నం ధూళికి దగ్గు పట్టుకున్నాక, ఇక లారీ వద్దు, నీళ్ల మీద బతుకుదాం అన్నాడు. లారీ అమ్మేసి, మాచర్ల అవతల కృష్ణ ఒడ్డున రేవులో తిప్పడానికి ఒక మోటారు బోటు కొన్నాడు. సముద్రం పక్క ఊరి షావుకారు ఎవరో షికారు కోసం తెప్పించుకుని మోజు తీరాక అమ్మేసిన బోటు అది. తెల్లటి ఒళ్లు, కీ తిప్పితే స్టార్టయ్యే ఇంజను, కారుకు ఉన్నట్టు స్టీరింగు. అన్నిటికీ మించి దానికొక టాపు ఉండేది.

ఆ టాపు గురించి కొంచెం చెప్పాలి. రిక్షా టాపు చూసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. స్టీలు పైపుతో వంచిన మూడు కమాన్లు, వాటి మీద మందపాటి నీలం కాన్వాసు. ముందుకు లాగి పట్టీలు బిగిస్తే బోటంతా నీడ. పల్నాటి ఎండ సంగతి తెలిసినదే. రాతినేల, సున్నపురాయి, ఎటు చూసినా తెల్లగా మండుతూ ఉంటుంది. ఆ రేవులో మిగతా పడవలకు నీడ లేదు. అవతల నల్గొండ ఒడ్డుకు వెళ్లే చుట్టాలు, మొక్కుబళ్లవాళ్లు, చంటిపిల్లల తల్లులు, బాబాయి బోటు అవతల ఉందంటే అది వచ్చేదాకా గొడుగులు వేసుకుని కూర్చునేవారు కానీ ఇంకో పడవ ఎక్కేవారు కాదు. సాయంత్రం మాత్రం టాపు మడిచి తీరాలి. వేసి వదిలేస్తే గాలికి ఉబ్బి బోటును రాళ్లకేసి కొడుతుంది. గాలి రాకపోతే కోతులు వస్తాయి. కొండల మీది కోతులకు బిగించిన కాన్వాసు అంటే ఎందుకంత ఇష్టమో, గుంపుగా ఎక్కి గంతులు వేస్తాయి.

మడవడం కూడా చూడముచ్చటగా ఉండేది. ముందు పట్టీల కొక్కేలు తప్పించి, మూడు కమాన్లనూ ఒకదాని మీదికి ఒకటి వెనక్కి వాల్చాలి. వాలుస్తూనే రెండో చేత్తో కాన్వాసును పైపుల మధ్య నుంచి వెనక్కి లాగాలి. అసలు కిటుకంతా అక్కడే. లాగకుండా వాలిస్తే గుడ్డ పైపుల మధ్య నలిగి, నలిగిన చోటే చిరుగుతుంది. తరువాత రెండు పక్కల అంచులూ లోపలికి మడిచి, చాప చుట్టినట్టు చుట్టి, గలీబు తొడిగి, మూతి బిగించి ముడి వేయాలి. తడి మీద చుడితే బూజు పడుతుంది కాబట్టి ముందు తువాలుతో తుడవాలి. బాబాయి ఇదంతా పెళ్లిలో తలంబ్రాలు పోసేంత సంబరంగా, పదిమంది చూస్తుండగా చేసేవాడు. దిగినవాళ్లు వెళ్లిపోతుంటే "ఆగండి, టాపు మడిచేది చూసి పోండి" అనేవాడు. ఆఖరున గలీబును తొడ మీద వేసుకుని ముడి బిగించి, కొసను కుడివైపుకు చిన్నగా దులిపేవాడు.

అప్పట్లో నాకు ఆ రేవు దగ్గరి ఊళ్లో హైస్కూల్లో ఉద్యోగం. మావారు నరసరావుపేటలో ఉండేవారు. శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లి సోమవారం తిరిగివచ్చేదాన్ని, మిగతా రోజులు పిన్ని ఇంట్లో మకాం. ఒక రోజు నేను నోట్సులు దిద్దుకుంటుంటే పిన్ని గలీబును తెచ్చి నా పుస్తకాల మీద పడేసింది. చిరుగులేమైనా ఉంటే కుడదామని, వదులుగా ఉన్న ముడిని విప్పకుండానే జారలాగి రేవు నుంచి తెచ్చిందట. "చూడు" అంది. చూశాను. నాకేమీ కనబడలేదు. "కొస చూడవే!" అంది. తాడు కొస ఎడమవైపుకు వేలాడుతోంది. కొసను వేళ్లతో నలిపి చూపించింది. నూలు పోగులు చెమ్మగా, నమిలినట్టుగా ఉన్నాయి.

"ఇది ఈయన ముడి కాదు. ఎడంచేతిది. ఒంట్లో బలం లేదు, పళ్లతో పట్టి లాగింది. ఎలక కొరికిందంటావేమో, ఎలక్కి ముడెయ్యడం రాదు."

"లాగింది అంటున్నావేంటి పిన్నీ? లాగాడు అనొచ్చుగా?"

"మొగోడైతే పళ్లెందుకే?" అంది.

నేను కూడా ఆ వంశపు మనిషినే కాబట్టి, వద్దులే పిన్నీ అని సర్దిచెప్పే బదులు నా దగ్గరున్న సంగతులు కూడా ఆమె ముందు పెట్టాను. ఇద్దరం వంటింట్లో చింతపండు పిక్కలు తీస్తూ ఒక్కొక్కటీ పేర్చాం. బాబాయి ఈమధ్య ఇంట్లో తినడం లేదు. పగలు క్యారేజీ, రాత్రికి కూడా క్యారేజీ, రేవులోనే గాలికి తింటానంటాడు. ఇంటికొచ్చాక గ్లాసుడు మజ్జిగ తాగి పడుకుంటాడు. జీవితమంతా తెల్లచొక్కా తప్ప తొడగని మనిషి మాచర్ల వెళ్లి రంగురంగుల టీషర్టులు కొనుక్కొచ్చాడు. గడ్డం ఇంట్లో అద్దం ముందు కూర్చుని గీసుకునేవాడు, ఇప్పుడు సెలూనుకు వెళ్తున్నాడు. అన్నిటికంటే పెద్దది టాపు సంగతి. పదిమందిని నిలబెట్టి మడిచే మనిషి, ఇప్పుడు ఆఖరి మనిషి గట్టెక్కి కనబడకుండా పోయేదాకా టాపు మీద చెయ్యి వేయడం లేదు. ఎవరైనా సాయం చేయబోతే "మీరు పోండి, నే మడిచి వస్తా" అని తరిమేస్తున్నాడు. పైగా కాన్వాసు రెండు చోట్ల పైపుల మధ్య నలిగి చిరిగింది. బాబాయి మడిస్తే అలా నలగదు. మడవడం రాని మనిషెవరో మడుస్తున్నారు.

ఇవన్నీ పేర్చాక పిన్ని పిక్కలు తీయడం ఆపేసింది. పిన్నికి కోపం వస్తే గిన్నెలు మోగుతాయి. ఆ రోజు ఏవీ మోగలేదు. దాంతోనే నాకు భయం వేసింది. "మా నాయనిచ్చిన లారీ అమ్మి కొన్న బోటే అది. దాంట్లోకి ఇంకో మనిషి వచ్చి కూచుంటే, నేనెక్కడ కూచోవాల?" అంది. బోటు పోతుందని కాదు, మనిషి పోతాడని ఆమె దిగులు. ఆ మాట పైకి అనడానికి నామోషీ కాబట్టి బోటు పేరు చెప్పింది. పిల్లలు లేని ఇల్లు అది. వాళ్లకు ఉన్నది ఒకరికొకరు, ఆ బోటు.

మరుసటి వారం ఇంకో సాక్ష్యం దొరికింది. తోమడానికి వేసిన క్యారేజీ గిన్నెల్లో మా ఇంటిది కాని చెంచా ఒకటి బయటపడింది. పల్చటి స్టీలు చెంచా, కాడ మీద చుక్కల పువ్వు. పిన్ని దాన్ని కొంగుతో పట్టుకుని, చచ్చిన బల్లిని చూపించినట్టు చూపించింది. "ఎవతో వడ్డిస్తంది. వడ్డించి చెంచా మర్చిపోయింది" అంది. ఆ చెంచా జత ఎక్కడుందో కనిపెట్టడం కష్టం కాలేదు. రేవులో టీ కొట్టు నడిపే ఆవిడ దగ్గర పంచదార డబ్బాలో అలాంటివే ఉన్నాయి. మేమంతా ఆమెను వదినా అని పిలిచేవాళ్లం. నడివయసు, గట్టి మనిషి, నోరు ఇంకా గట్టిది. టీ గ్లాసు మాత్రం మా పిన్నికి ఇచ్చినప్పుడల్లా అక్కా అంటూ రెండు చేతులతో ఇచ్చేది. రెండు చేతులతో ఇస్తోందంటే ఏ చేతివాటమో దాచడానికే అని పిన్ని తీర్మానించింది.

ఎడమచేతివాటం మనిషిని మనవైపు పట్టుకోవడం తేలిక కాదు. చిన్నప్పుడే తల్లులు ఆ చేతి మీద చరిచి, తినడం, ఇవ్వడం, పుచ్చుకోవడం, బొట్టు పెట్టడం అన్నీ కుడిచేతికి మప్పుతారు. పెద్దయ్యాక చూస్తే ఎవరూ బయటపడరు. పిన్ని ఈ చిక్కు గురించి నాలుగు రోజులు ఆలోచించి, ఐదో రోజు పప్పు తిరగమోత వేస్తూ గరిటె ఎత్తి "కోతి!" అంది. "కోతి మీద రాయి ఇసిరేటప్పుడు ఎవురికీ మర్యాద గుర్తురాదే. ఏ చేత్తో పుట్టారో ఆ చెయ్యే లేసుద్ది." అంత తెలివైన మాట నేను ట్రైనింగు కాలేజీలో కూడా వినలేదు. నిజమే, కోతి మీద పడుతుంటే ఏ చేత్తో విసరాలా అని ఎవరు చూసుకుంటారు!

ఆ ఆదివారం నేను నరసరావుపేట వెళ్లలేదు. బడిలో పని ఉందని మావారికి చెప్పాను. ఆయన కూడా ఎందుకో అనుమానంగానే సరే అన్నారు. మధ్యాహ్నం ఎండ దిగాక ఇద్దరం రేవుకు వెళ్లాం. పిన్ని సంచిలో ఒక అత్తం అరటిపళ్లు తెచ్చింది, దేవుడికని కాదు. టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, టీ చెప్పి, ఎవరూ చూడకుండా పళ్లు ఒక్కొక్కటే కొట్టు పక్కన బండ మీద పెట్టడం మొదలుపెట్టింది. నీళ్ల మీద నుంచి వేడిగాలి, బురద వాసన, కిరసనాయిలు స్టవ్వు మీద మరుగుతున్న టీ వాసన. కింద మెట్ల దగ్గర బాబాయి అప్పుడే అవతలి ఒడ్డు నుంచి వచ్చి బోటు కట్టేశాడు. ఆకుపచ్చ టీషర్టులో ఉన్నాడు. మమ్మల్ని చూసి "ఏందే, ఇద్దరూ ఇట్టా వచ్చారు?" అన్నాడు. "గాలికి" అంది పిన్ని. "ఇంత వేడిలో గాలేంది?" అని ఆయన కూడా మమ్మల్ని అదోలా చూశాడు. ఆ రేవులో ఆ సాయంత్రం అనుమానం లేనిది పొయ్యి మీది టీకి ఒక్కదానికే.

కోతులు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందు ఒక ముసలిది వచ్చి పండు వాసన చూసి, చుట్టూ చూసి, ఎవరు పెట్టారీ పళ్లు అన్నట్టు మా పిన్నిని నిదానంగా పరికించింది. మా వంశపుదేమో అనిపించింది. తరువాత గుంపు దిగింది. ఒకటి పంచదార డబ్బా మీదికి దూకింది. టీ కొట్టు వదిన "నీ దుంపతెగ!" అని అరిచి వంగి రాయి తీసింది. పిన్ని నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. వదిన విసిరింది. కుడిచేత్తో. గురి తప్పకుండా కోతి వీపుకు తగిలింది. పిన్ని పట్టు వదులైంది. ఆమె మొహంలో నిరాశో ఊరటో నాకు తెలియలేదు.

ఇంతలో కింద గోల మొదలైంది. పళ్లు దొరికిన కోతులు తీరిగ్గా తినడానికి బోటు టాపు మీదికి చేరాయి. గుడ్డ కిందికి కుంగిపోతోంది, మునుపు నలిగిన చోట చిరుగు ఇంకా సాగుతోంది. బాబాయి మెట్ల మీద నుంచి "హేయ్! హేయ్!" అని పరుగెత్తి, వంగి, రాయి తీసి విసిరాడు. ఆ రాయి కోతుల దాకా పోలేదు. బోటు దాకా కూడా పోలేదు. ఆయన కాళ్ల దగ్గరే నీళ్లలో పడింది. చిన్నపిల్లలు విసిరినట్టుగా పడింది. ఎడమచేత్తో విసిరాడు. కుడిచెయ్యి భుజం మీద వేసుకున్న తువాలు కింద అలాగే వేలాడుతోంది.

పిన్ని లేచి నిలబడింది. నేను ఆమె వంక చూడలేకపోయాను. ఎందుకంటే నాకు కూడా అదే క్షణంలో వరుసగా అర్థమవుతూ వచ్చింది. టీషర్టుకు బొత్తాలు ఉండవు. గడ్డం గీసుకోవడానికి గట్టి చెయ్యి కావాలి. ముద్ద కలపలేనివాడికి చెంచా కావాలి. ఒక చేత్తో కమాను వాలిస్తే రెండో చేత్తో గుడ్డ లాగడానికి చెయ్యి లేదు, కాబట్టి నలుగుతుంది. ఒక చేత్తో ముడి వేసేవాడు రెండో కొసను పళ్లతోనే పట్టుకోవాలి. పిన్ని ముడిని చదవడంలో ఒక్క అక్షరం తప్పలేదు. ఎడమచెయ్యి, బలం లేదు, పళ్లు. చేయి ఎవరిదో మాత్రం తప్పు చదివింది.

టీ కొట్టు వదిన రాళ్లతో కోతుల్ని తోలేసి, మా పక్కకు వచ్చి, తలకొంగు సర్దుకుంటూ నెమ్మదిగా అంది, "చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడక్కా. తిండి తినలేక అవస్థ పడతంటే చెంచా ఇచ్చా. నెత్తీనోరూ కొట్టుకుని చెప్పా, డాక్టరు కాడికి పో అన్నయ్యా అని."

పిన్ని ఆమె భుజం మీద ఒకసారి చెయ్యి వేసి మెట్లు దిగి బోటు దగ్గరికి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. "టాపు మడువు" అంది. బాబాయి నవ్వబోయాడు. "మీరు పోండి, నే మడిచి..." "ఇయ్యాల నేను పోను. మడువు, చూస్తా" అంది. ఆయన ఎడమచేత్తో పట్టీ కొక్కెం తీశాడు. ఒకటి తీశాక రెండోదాని మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాడు. పిన్ని బోటులోకి దిగి తువాలు తొలగించి ఆ కుడిచేతిని పట్టుకుంది. ముడుచుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటే తెరిచింది. "వేళ్లు చల్లగా ఉన్నాయయ్యా" అంది. "ఎప్పటినించి?"

"చలికాలం నించి. ముందు తిమ్మిర్లు. తర్వాత పట్టు పోయింది."

"నేనెవతో ఆడదనుకున్నా గదయ్యా!" అని ఏడ్చేసింది.

బాబాయి ఎడమచేత్తో ఆమె తల నిమిరి, గట్టు మీదున్న నా వంక చూసి, మళ్లీ ఆమెతో అన్నాడు. "ఆడదైతే నాలుగు తిట్టి ఊరుకుంటావు. చెయ్యి పడిపోయిందని తెలిస్తే బోటు అమ్మించేస్తావు. అందుకని చెప్పలా." ఆయన మొహంలో అంత భయం ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. అన్ని నెలలూ ఆయన కూడా మమ్మల్ని అనుమానిస్తూనే ఉన్నాడు, ఎప్పుడు కనిపెడతామో, కనిపెట్టి ఎప్పుడు బోటుకు బేరం పెడతామో అని. ఒకే ఇంట్లో, ఒకే మజ్జిగ కుండ చుట్టూ, ముగ్గురం ఒకరినొకరు కాపలా కాసుకున్నాం.

నరసరావుపేటలో డాక్టరు చూసి మెడలో నరం నలిగిందన్నాడు. లారీ సీటులో గడిపిన ఏళ్ల ఫలితం కావచ్చన్నాడు. చలికాలంలోనే వచ్చి ఉంటే చెయ్యి పూర్తిగా తిరిగివచ్చేదేమో, ఇప్పుడు వచ్చినంతే అన్నాడు. గుంటూరులో ఆపరేషను అయింది. ముద్ద కలుపుకునేంత వచ్చింది, బొత్తాం పెట్టుకునేంత రాలేదు. డాక్టరు ఆ మాట చెబుతున్నప్పుడు మాత్రం పిన్ని ఆయన వంక కూడా అనుమానంగానే చూసింది, బయటికొచ్చాక ఇంకో డాక్టరుకు చూపిద్దామంది. చూపించాం. ఆయనా అదే అన్నాడు. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుని ఉంటారని ఆమె తీర్పు.

బోటు అమ్మలేదు. అమ్మమని చుట్టాలంతా చెప్పారు, నాతో సహా. పిన్ని వినలేదు. స్టీరింగు తిప్పడానికి ఎడమచెయ్యి చాలు. చాలని పని టాపు ఒక్కటే. దానికి ఆమె రోజూ సాయంత్రం వంట ముగించుకుని రేవుకు వెళ్లేది. ఎడమపక్క బాబాయి, కుడిపక్క పిన్ని. ఆయన కమాను వాలుస్తుంటే ఆమె గుడ్డ లాగేది. "లాగవే, నలుగుతంది!" "నువ్వు నిదానంగా వాల్చు, నేనేం మిషన్నా?" అని ఇద్దరూ రేవంతా వినబడేలా దెబ్బలాడుకునేవారు. మునుపటిలా జనం మళ్లీ గట్టు మీద నిలబడి చూసేవారు. అంచులు మడిచి, చాపలా చుట్టి, గలీబు తొడిగాక ముడి మాత్రం బాబాయే వేసేవాడు. అది ఆయన పట్టుదల. పిన్ని రెండో కొసను పట్టుకుంటే ఆయన ఎడమచేత్తో మెలి తిప్పి బిగించేవాడు. మళ్లీ పళ్ల అవసరం రాలేదు. కొస ఎడమవైపుకే జారేది. తరువాత నాకు బదిలీ అయింది. ఆ పైన బోటు పాతబడింది, ఇంజను మూలపడింది. పోయిన ఏడాది బాబాయి కూడా వెళ్లిపోయాడు.

ఇదంతా తలచుకుంటూ మూట ముందు కూర్చుని ఉండగానే పొద్దు వాలింది. అప్పుడు పిన్ని ఫోన్ చేసింది. "ఏమే, మిరగాయలు అందినాయా? బాగా ఎర్రగా ఉండయ్యా?"

"ఇంకా విప్పలేదు పిన్నీ. ముడి కొస ఎడమవైపుకుంది. దారిలో ఎవరో విప్పి మళ్లీ కట్టారు. నీది కుడిచేతి ముడి కదా!"

ఆమె అరుస్తుందని, బస్సు డ్రైవరు మీసాలతో సహా తిట్టడం మొదలుపెడుతుందని ఎదురుచూశాను. ఆమె మెల్లగా అంది. "ఎవురూ ఇప్పలేదులేవే. నేనే కట్టా. ఏమోనే, మిగతా మూటలన్నీ మామూలుగానే కడతా. ఆ గలీబు చేతిలోకి తీసుకుంటే మాత్రం ఎడంచెయ్యే ముందుకొచ్చుద్ది." కాస్త ఆగి, "పొద్దున్నించి ఇప్పకుండా కూచున్నావా? మిరగాయలు మెత్తబడతయ్యే, పిచ్చిదానా" అని పెట్టేసింది.

ముడి విప్పలేదు. గలీబు అడుగున కుట్టు కొద్దిగా ఊడదీసి, మిరపకాయలు అటువైపు నుంచి తీసుకున్నాను. ఒక మనిషిని అనుమానించడానికి మాకు ఒక్క పూట చాలింది. పిన్ని ముడి కొస కుడివైపు నుంచి ఎడమవైపుకు తిరగడానికి మాత్రం ఒక కాపురమంత కాలం పట్టింది.